షాపులో గిరాకీ ఉంది, అద్దె రావట్లేదు: మెడికల్ గంజాయి లైసెన్సులో వాటా తీసుకోవచ్చా?

నాలుగు_షాపులు | 2024 సెప్టెంబర్ 14

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎప్పటినుంచో చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

నేను ఓక్లహోమాలో ఉంటాను. వరుసగా నాలుగు షాపులున్న చిన్న బిల్డింగ్ ఒకటి ఉంది, బ్యాంకు లోన్ ఇంకా నడుస్తోంది. మూడో షాపు 2019 నుంచి మెడికల్ గంజాయి డిస్పెన్సరీకి (పేషెంట్లకు గంజాయి అమ్మే షాపు) అద్దెకిచ్చాను. కుర్రాడు మంచివాడు, మొదటి మూడేళ్లు ఒకటో తారీఖు దాటనివ్వలేదు. ఇప్పుడు ఐదు నెలల అద్దె బాకీ. వింతేమిటంటే షాపు ఖాళీగా లేదు. నేను వెళ్లినప్పుడల్లా కౌంటర్ దగ్గర ముగ్గురు నలుగురు ఉంటారు.

మొన్న కూర్చోబెట్టి అడిగితే, "అద్దె బదులు కంపెనీలో 20 శాతం వాటా రాసిస్తాను, కొత్త లైసెన్సులు ఇవ్వడం ఆపేశారు కాబట్టి దీని విలువ పెరుగుతుంది" అంటున్నాడు. తీసుకోవచ్చా? అసలు అంత గిరాకీ ఉన్న షాపు అద్దె ఎందుకు కట్టలేకపోతోంది? నాకు చెప్పకుండా ఏమైనా దాస్తున్నాడా?

---

పల్లేరుకాయ

అద్దె ఇవ్వలేనివాడు వాటా ఇస్తానంటే అది లాభంలో వాటా కాదండీ, అప్పులో వాటా.

---

బ్యాలెన్స్‌షీట్

దాస్తున్నాడని అప్పుడే అనుకోకండి. నేను సీపీఏని, అంటే లైసెన్సున్న అకౌంటెంట్‌ని, ఇలాంటి క్లయింట్లు నాకు ఇద్దరున్నారు. మూడు అంకెలు చెప్పండి చాలు: ఏడాది అమ్మకం, సరుకు కొన్న ఖర్చు, మిగతా ఖర్చులన్నీ కలిపి ఎంత. కంపెనీ సీ-కార్పొరేషనా (కంపెనీయే విడిగా పన్ను కట్టే రకం), ఎల్ఎల్‌సీనా (పన్ను సాధారణంగా యజమానుల మీద పడే రకం) అన్నది కూడా.

---

నాలుగు_షాపులు

సీ-కార్ప్ అట. పుస్తకాలు చూపించాడు. అమ్మకం సుమారు 6 లక్షల డాలర్లు. సరుకు 3 లక్షల 60 వేలు. జీతాలు, అద్దె, కరెంటు, సెక్యూరిటీ, ఇన్సూరెన్స్ వగైరా 2 లక్షల 20 వేలు.

---

బ్యాలెన్స్‌షీట్

అయితే మీ ప్రశ్నకు జవాబు దొరికినట్టే. నిదానంగా చదవండి.

మామూలు షాపు అయితే 6 లక్షల్లోంచి సరుకు, ఖర్చులు అన్నీ పోగా 20 వేలు మిగులుతాయి. దాని మీద ఫెడరల్ కార్పొరేట్ పన్ను 21 శాతం, అంటే 4,200 డాలర్లు. కట్టేసి హాయిగా పడుకోవచ్చు.

కానీ ఇది గంజాయి షాపు. ఫెడరల్ చట్టం దృష్టిలో గంజాయి 1970 నుంచి షెడ్యూల్ 1లో, అంటే అన్నిటికంటే కఠినమైన మత్తుమందుల జాబితాలో ఉంది, హెరాయిన్ పక్కన. పన్ను చట్టంలో 280ఈ అని ఒక సెక్షన్ ఉంది. షెడ్యూల్ 1, 2 పదార్థాల వ్యాపారం చేసేవాళ్లు ఖర్చులేవీ తీసేసుకోకూడదని దాని సారాంశం. సరుకు కొన్న ధర ఒక్కటే తీసుకోనిస్తారు. జీతాలు లేవు, మీ అద్దె లేదు, కరెంటు లేదు. కాబట్టి పన్ను పడేది 20 వేల మీద కాదు, 2 లక్షల 40 వేల మీద. అందులో 21 శాతం అంటే 50,400.

మిగిలింది 20 వేలు, కట్టాల్సింది 50 వేలు. ప్రతి ఏడాదీ చేతి నుంచి 30 వేల పైచిలుకు పెట్టుకుని నడుపుతున్నాడన్నమాట. మీ ఐదు నెలల అద్దె అక్కడికే పోయింది.

ఈ సెక్షన్ పుట్టుక కూడా సరదాగా ఉంటుంది. మినియాపోలిస్‌లో డ్రగ్స్ అమ్మే ఎడ్మండ్సన్ అనే ఆయన 1981లో టాక్స్ కోర్టుకి వెళ్లి, నా తక్కెడ ఖర్చు, ఫోన్ ఖర్చు, కారు తిరిగిన మైళ్లు, ఇంటి అద్దెలో కొంత భాగం తీసేయమన్నాడు. కోర్టు చాలావరకు సరే అంది. కాంగ్రెస్‌కి ఒళ్లు మండి 1982లో 280ఈ పెట్టింది. అప్పటికి ఏ రాష్ట్రంలోనూ లైసెన్సున్న మెడికల్ గంజాయి షాపు లేదు. మెడికల్ గంజాయిని అనుమతిస్తూ కాలిఫోర్నియా ఓటర్లు పాస్ చేసిన ప్రాప్ 215 వచ్చింది 1996లో. దొంగ వ్యాపారికి వేసిన శిక్ష, రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు గోడకు తగిలించుకున్నవాడికి తగులుతోంది.

---

పల్లేరుకాయ

అక్కా, ఒక డౌటు. మరి పెద్ద కంపెనీలకీ ఇదే సెక్షన్ కదా? వాళ్లెలా బతుకుతున్నారు?

---

బ్యాలెన్స్‌షీట్

మంచి ప్రశ్న. పండించేవాడికి మొక్క పెంచడానికయ్యే ఖర్చు చాలావరకు "సరుకు ధర"లోకి వస్తుంది. కూలీ, కరెంటు, గ్రీన్‌హౌస్ అద్దె కూడా. కొని అమ్మేవాడికి కొన్న ధర, రవాణా తప్ప ఏమీ రావు. కాబట్టి తోట, ఫ్యాక్టరీ, షాపు అన్నీ ఒకే చేతిలో ఉన్నవాడు ఖర్చుల్ని తోటవైపు చూపించుకునే వీలుంటుంది. ఒక్క షాపు ఉన్నవాడికి ఆ వీలు లేదు. పైగా పెద్దవాళ్లు కొందరు "ఈ సెక్షన్ మాకు వర్తించదు" అని పన్ను కట్టకుండా ఆపి ఏళ్లకేళ్లు పోరాడగలరు. చిన్నవాడికి ఐఆర్ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) నుంచి ఒక్క నోటీసు వస్తే లాయర్ ఫీజుకే షాపు మూతపడుతుంది.

---

తోటమాలి

నాలుగు షాపుల అన్నా, నేనూ మీ రాష్ట్రమే. 2018 జూన్ 26న మెడికల్ గంజాయికి అనుమతిచ్చే ఎస్‌క్యూ 788 ఓటింగులో పాసైనప్పుడు నేను మొదటి వరుసలో ఉన్నాను. లైసెన్సు 2,500 డాలర్లు. తోటకైనా, షాపుకైనా, ప్రాసెసింగ్‌కైనా అంతే. ఎన్ని ఇవ్వాలన్న పరిమితి లేదు. ఫలానా జబ్బు ఉంటేనే పేషెంట్ కార్డు అన్న జాబితా కూడా లేదు, డాక్టర్ సిఫారసు చాలు. చిన్నవాడికి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాం.

మొదటి రెండేళ్లు నిజంగానే బాగుంది. తర్వాత షాపులు 2 వేలు దాటాయి. మనకంటే పదింతల జనాభా ఉన్న కాలిఫోర్నియాలో కూడా అన్ని లేవు. తోటలు వేలల్లో. 75 శాతం వాటా ఇక్కడివాళ్లకే ఉండాలన్న రూలు ఉందిగా, దానికి పేరుకు మాత్రం ఇక్కడివాళ్లని పెట్టి వెనక ఎవరెవరో దిగారు. సరుకు ఎక్కువై ధర పడిపోయింది. నేను పెట్టిన ఎరువు ఖర్చు కూడా రాని పంటలు రెండు అమ్ముకున్నాను.

అప్పుడు ప్రభుత్వానికి మెలకువ వచ్చింది. 2022లో ప్రతి మొక్కకూ ట్యాగు పెట్టమన్నారు, మెట్రక్ అనే కంప్యూటర్ సిస్టమ్. నెలకు 40 డాలర్లు, మొక్క ట్యాగు 45 సెంట్లు, ప్యాకెట్ ట్యాగు 25 సెంట్లు. వింటే ఏముంది అనిపిస్తుంది. డబ్బు కాదన్నా సమస్య, టైం. మొక్క చస్తే రాయాలి, కోస్తే తూచి రాయాలి, ఎండాక మళ్లీ తూచి రాయాలి, పారేసిన ఆకుల బరువూ రాయాలి. పెద్ద తోటలో దానికో మనిషి ఉంటాడు. నా తోటలో ఆ మనిషిని నేనే, రాత్రి పదకొండింటికి.

అదే ఏడాది ఆగస్టు 26 నుంచి కొత్త లైసెన్సులు ఆపేశారు. మీ కుర్రాడు విలువ పెరుగుతుందంటున్నది అందుకే. తలుపు మూశారు నిజమే, కానీ లోపల అప్పటికే కిక్కిరిసి ఉన్నారు కదా.

---

పల్లేరుకాయ

అంటే తలుపు బార్లా తెరిచినా చిన్నవాడే చస్తాడు, మూసినా చిన్నవాడే చస్తాడు. బాగుంది.

---

ఫార్మసిస్ట్_ఫ్లోరిడా

మా దగ్గర తలుపు మొదటి నుంచీ మూసే ఉంచారండి. 2014లో తక్కువ టీహెచ్‌సీ (మత్తునిచ్చే పదార్థం) ఉన్న రకానికి చట్టం చేసినప్పుడు, లైసెన్సు అడగాలంటే 30 ఏళ్లుగా ఆగకుండా నడుస్తున్న నర్సరీ అయి ఉండాలి, 4 లక్షల మొక్కలు పెంచే సామర్థ్యం చూపించాలి, 50 లక్షల డాలర్ల బాండు కట్టాలి అన్నారు. మొదట అనుకున్నవి రాష్ట్రమంతటికీ ఐదే లైసెన్సులు.

2016లో 71 శాతం ఓట్లతో రాజ్యాంగ సవరణ పాసయ్యాక మారుతుందేమో అనుకున్నాం. పండించడం, తయారుచేయడం, అమ్మడం మూడూ ఒకే కంపెనీ చేయాలన్న షరతు అలాగే ఉంచారు. దాని మీద ఒక కంపెనీ కోర్టుకెళ్తే 2021లో రాష్ట్ర సుప్రీంకోర్టు షరతే కరెక్ట్ అంది. రెండేళ్లకోసారి కట్టే రెన్యువల్ ఫీజు మొదట్లో 60 వేల డాలర్ల చిల్లర ఉండేది, తర్వాత 13 లక్షలు దాటించారు. ఇక్కడ చిన్న వ్యాపారం అన్న మాటే లేదు. నా ఫార్మసీకి వచ్చే పేషెంట్లు ఎక్కడ మంచిది అని అడిగితే చెప్పడానికి నాలుగు పెద్ద కంపెనీల పేర్లే ఉంటాయి.

న్యూయార్క్‌లోనూ 2014 చట్టం కింద మొదట ఐదు సంస్థలే, ఒక్కోదానికి నాలుగేసి షాపులు. రిజిస్ట్రేషన్‌కే 2 లక్షల డాలర్లు.

---

ల్యాబ్‌కోటు

అందరూ రూల్స్‌ని తిడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను మాట్లాడతాను. నేను టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేస్తాను (ఓక్లహోమా కాదు). బూజు పట్టిన పువ్వు, పురుగుమందు మిగిలిన పువ్వు, సీసం ఉన్న ఆయిల్, ఇవన్నీ నా టేబుల్ మీదికి వచ్చాయి. ఇది మెడికల్. తీసుకునేవాళ్లలో కీమో చేయించుకుంటున్నవాళ్లు ఉంటారు. వాళ్ల ఊపిరితిత్తుల్లోకి ఆస్పర్‌జిలస్ బూజు వెళ్తే మామూలు మనిషికి అయినట్టు జలుబుతో పోదు. చిన్న వ్యాపారం కదా అని టెస్టు వదిలేయమంటే నేను ఒప్పుకోను.

---

తోటమాలి

టెస్టు వద్దని నేనెప్పుడన్నాను తమ్ముడూ? లెక్క ఎలా కడుతున్నారో చూడు. ఫీజు బ్యాచ్‌కి. గరిష్ఠ బరువు నిండా నింపిన బ్యాచ్‌కీ, నా రెండు పౌండ్ల బ్యాచ్‌కీ ఒకటే ఫీజు. నేను ఐదు రకాలు కొంచెం కొంచెం పెంచుతాను, ఒక్కో పేషెంటుకి ఒక్కో రకం పడుతుంది కాబట్టి. ఐదు రకాలంటే ఐదు టెస్టులు. పెద్ద తోటవాడు ఒకే రకం ఎకరాల కొద్దీ వేస్తాడు. చివరికి నేనూ రెండు రకాలకి తగ్గించుకున్నాను. వెతుక్కుంటూ వచ్చే ముసలావిడ ఒకామె ఉండేది, ఆమెకు పడే రకం ఇప్పుడు నా దగ్గర లేదు.

---

ల్యాబ్‌కోటు

అది ఒప్పుకుంటాను అన్నా. మెషీన్ రన్ ఖర్చు మాకూ శాంపిల్‌కే అవుతుంది, బరువుకి కాదు, అందుకే ఫీజు అలా ఉంటుంది. చిన్న తోటలకు ఆ ఫీజులో కొంత ప్రభుత్వం భరిస్తే తప్ప ల్యాబ్ తగ్గించలేదు. ఇంకో బాధ ఉంది, బయటకు చెప్పరు: టీహెచ్‌సీ శాతం ఎక్కువ చూపించే ల్యాబ్‌కే తోటలవాళ్లు వెళ్తారు. నిజాయితీగా కొలిచే చిన్న ల్యాబ్ కస్టమర్లను పోగొట్టుకుంటుంది. ల్యాబులూ చిన్న వ్యాపారాలేనని ఎవరికీ గుర్తుండదు.

---

కౌంటర్‌వెనక

బ్యాంకు సంగతి ఎవరూ ఎత్తలేదేం? నేను ఆరేళ్లు ఒక క్రెడిట్ యూనియన్‌లో (సభ్యుల సొంత బ్యాంకు లాంటిది) రూల్స్ చూసే కంప్లయన్స్ విభాగంలో పనిచేశాను.

2014 ఫిబ్రవరిలో ఫిన్‌సెన్ (ఆర్థిక నేరాలు చూసే ఫెడరల్ సంస్థ) బ్యాంకులకు ఒక గైడెన్స్ ఇచ్చింది. గంజాయి ఖాతాలు తీసుకోవచ్చు, కానీ ప్రతి ఖాతా మీదా అనుమానాస్పద లావాదేవీ రిపోర్టు పెడుతూనే ఉండాలి. ఖాతా బాగున్నా పెట్టాలి, "అంతా సవ్యంగానే ఉంది" అని చెప్పడానికి కూడా అదే రిపోర్టు. ఆ పనికి మాకు ఇద్దరు మనుషులు. ఆ జీతాలు ఖాతాదారు నెల ఫీజులోనే వస్తాయి. పది షాపుల కంపెనీకి ఆ ఫీజు చిల్లర, ఒక్క షాపువాడికి అది ఇంకో అద్దె.

ఖాతా దొరకనివాడు నగదుతోనే. మీ షాపు ఖర్చుల్లో సెక్యూరిటీ కూడా ఉందన్నారు చూడండి, అందుకే. గంజాయి వ్యాపారాలకు ఖాతాలిచ్చే బ్యాంకులకు రక్షణ ఇచ్చే సేఫ్ బ్యాంకింగ్ బిల్లు 2019 సెప్టెంబర్‌లో కాంగ్రెస్ దిగువ సభ హౌస్‌లో పాసైంది, తర్వాత కూడా చాలాసార్లు పాసైంది, సెనేట్ గడప మాత్రం దాటలేదు. దివాలా కూడా కుదరదు అని మర్చిపోకండి. ఫెడరల్ చట్టానికి విరుద్ధమైన వ్యాపారం కాబట్టి ఫెడరల్ దివాలా కోర్టు చేతులు కడిగేసుకుంటుంది. మామూలు హోటల్‌వాడికి మునిగిపోయే హక్కైనా ఉంది.

---

పల్లేరుకాయ

"మునిగిపోయే హక్కు". ఇది రాసిపెట్టుకుంటున్నా.

---

మంచుదేశం

కెనడా నుంచి. ఇక్కడ అన్నీ బాగున్నాయని చెప్పను, కానీ ఒక పని నచ్చింది. 2018 అక్టోబర్ 17న కొత్త చట్టం వచ్చినప్పుడు మైక్రో లైసెన్సు అని వేరే తరగతి పెట్టారు. అప్పట్లో 200 చదరపు మీటర్ల లోపు పండించేవాడికి ఫీజు తక్కువ, సెక్యూరిటీ షరతులు తక్కువ. టెస్టు మాత్రం అందరికీ ఒకటే. ల్యాబ్‌కోటు గారు అడిగిందీ తోటమాలి గారు అడిగిందీ రెండూ అందులో కొంత కొంత ఉన్నాయి. పేపర్లు మాత్రం ఇక్కడా తక్కువేం కాదు. మా బావమరిది అప్లై చేస్తే లైసెన్సు రావడానికి ఏడాది దాటింది. అప్పటిదాకా కట్టిన షెడ్డు ఖాళీగా ఉంది, వడ్డీ మాత్రం నడిచింది.

---

వానచినుకు_సియాటిల్

నాలుగు షాపుల గారూ, ఇంకొకటి ఆలోచించండి. మెడికల్ లైసెన్సు విలువ ఓటర్ల చేతిలో ఉంటుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో 2012లో అందరికీ అమ్మకానికి ఓటేశారు. పాత మెడికల్ షాపుల్ని ఆ కొత్త వ్యవస్థలో కలుపుతూ 2015లో చట్టం చేశారు. 2016 జూలై 1 తర్వాత కొత్త లైసెన్సు దొరకనివి మూసేయాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి పేషెంట్లను పేరుపేరునా ఎరిగిన షాపులు అవి. మీ దగ్గర అలా అందరికీ అమ్మకం కోసం పెట్టిన ఎస్‌క్యూ 820 2023 మార్చిలో ఓడిపోయింది కాబట్టి ఇప్పటికి సరే. ఎప్పుడూ ఓడిపోతుందని రాసిచ్చేవాళ్లు లేరు.

థాయ్‌లాండ్ చూడండి. 2022 జూన్‌లో గంజాయిని మత్తుమందుల జాబితా నుంచి తీసేస్తే వేల షాపులు వెలిశాయి. రెండేళ్లు తిరక్కుండానే మళ్లీ బిగిస్తామంటున్నారు. రూలు కష్టమైనా అలవాటు పడొచ్చు, రోజుకోలా మారితే ఎలా?

---

నాలుగు_షాపులు

అందరికీ చాలా థాంక్స్. బుర్ర తిరిగిపోయింది గానీ విషయం అర్థమైంది. కుర్రాడి మీద అనుమానపడ్డందుకు సిగ్గేస్తోంది.

ఒకటే ఆశ. గంజాయిని అంత కఠినం కాని షెడ్యూల్ 3కి మారుస్తున్నారు కదా, అప్పుడు 280ఈ పోతుందంటున్నాడు. అది నిజమైతే వాటా తీసుకుని ఓ ఏడాది ఆగితే?

---

బ్యాలెన్స్‌షీట్

మారితే 280ఈ వర్తించదు, అది నిజం. 2024 మేలో ప్రతిపాదన వచ్చింది, డీఈఏ (ఫెడరల్ మత్తుమందుల నియంత్రణ సంస్థ) డిసెంబర్ 2న విచారణ అంటోంది. ప్రతిపాదన చట్టం కాదు. కొందరు ముందే ఖర్చులు తీసేసుకుని రిటర్న్ వేస్తుంటే, ఐఆర్ఎస్ జూన్‌లోనే "ఇంకా షెడ్యూల్ 1లోనే ఉంది, 280ఈ వర్తిస్తుంది" అని చెప్పింది. పైగా పాత సంవత్సరాల పన్ను బాకీ మాఫీ కాదు. కుర్రాడికి ఎన్నేళ్ల బాకీ ఉందో అడిగారా?

---

చదివేవాడు

నేను ఎప్పుడూ రాయను. ఇది మాత్రం రాయాలి. నాలుగు షాపుల గారూ, మీరు అమెరికా సిటిజనా?

---

నాలుగు_షాపులు

గ్రీన్ కార్డు. వచ్చే ఏడాది అప్లై చేద్దామనుకుంటున్నాం. ఎందుకండీ?

---

చదివేవాడు

అయితే వాటా మాట కాసేపు పక్కన పెట్టండి. 2019 ఏప్రిల్ 19న యూఎస్‌సీఐఎస్ (సిటిజన్‌షిప్ అప్లికేషన్లు చూసే ఫెడరల్ ఇమ్మిగ్రేషన్ సంస్థ) ఒక పాలసీ ప్రకటించింది. రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, గంజాయికి సంబంధించిన పనిలో ఉంటే సిటిజన్‌షిప్‌కి కావలసిన "సత్ప్రవర్తన" లేదని తేల్చవచ్చు. కేసు ఉండనక్కర్లేదు, శిక్ష పడనక్కర్లేదు. నాకు తెలిసినవాళ్లు ఒకరు డిస్పెన్సరీలో ఉద్యోగం చేశారు, జీతం మీద పన్నులన్నీ సక్రమంగా కట్టి. ఇంటర్వ్యూలో నిజాయితీగా చెప్పారు. అప్లికేషన్ తిరస్కరించారు. విదేశం వెళ్లి తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో కూడా ప్రశ్నలు రావచ్చు. వాటాదారు అంటే ఉద్యోగి కంటే ఇంకా దగ్గర. అద్దెకివ్వడం దేని కిందికి వస్తుందో ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి, ఫోరంలో కాదు.

---

కౌంటర్‌వెనక

దాంతోపాటు మీ బిల్డింగ్ లోన్ పేపర్లు తీసి చూడండి. "అద్దెదారులు ఫెడరల్ చట్టాలకు లోబడి ఉండాలి" అన్న వాక్యం దాదాపు ప్రతి కమర్షియల్ లోన్‌లోనూ ఉంటుంది.

---

మోడరేటర్

లాయర్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు. రెండు పోస్టులు తీసేశాను. చర్చ కొనసాగించండి.

---

నాలుగు_షాపులు | సెప్టెంబర్ 27

ఆలస్యంగా వస్తున్నాను, క్షమించండి. ఆ రాత్రి మా ఆవిడా నేనూ నిద్రపోలేదు.

లాయర్‌ని కలిశాం. వాటా ఊసే ఎత్తొద్దన్నారు. అద్దె గురించి అంత ఖచ్చితంగా చెప్పలేదు గానీ, ఐదేళ్లు ఈ అద్దె తీసుకున్న సంగతి అప్లికేషన్‌లో ఎలా చెప్పాలో ముందే ఆలోచించుకోవాలన్నారు. లోన్ పేపర్లో ఆ వాక్యం ఉంది. పద్నాలుగో పేజీ. సంతకం నాదే.

కుర్రాడితో మాట్లాడాను. డిసెంబర్ చివరికి ఖాళీ చేస్తాడు. మూడు నెలల అద్దె వదిలేశాను, రెండు నెలలది వాయిదాల్లో ఇస్తాడు. రెండేళ్ల ఫెడరల్ పన్ను బాకీ ఉందట, అక్క అడగమన్నది అడిగాను. బాకీ కింద సరుకు ఉంచేసుకోమన్నాడు పాపం, నాకు లైసెన్సు లేదు కదా, ముట్టుకోకూడదు. లైసెన్సున్న ఇంకో షాపుకే వెళ్లాలి, ఒక్కో ప్యాకెట్ ట్యాగు నంబరుతో సహా.

---

తోటమాలి

అన్నా, ఆ సరుకులో నా తోటది కూడా కొంత ఉండే ఉంటుంది. షెల్ఫులూ, డీహ్యూమిడిఫయరూ అమ్ముతాడేమో కనుక్కోండి. వాటికి ట్యాగులు అక్కర్లేదు. నేను వ్యాన్ తెచ్చుకుంటాను.